స్విన్‌హో నడిచిన దీవి

ప్రతి ఏడూ మన సంచికలో ఒక ప్రముఖుని జీవితం ఉంటుంది. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మనవాళ్ళు చాలా బాగా రాశారు, ఇక ముందూ రాస్తారు. ఈసారి మేము జువాలజీ పుస్తకాల్లో కలిసిన ఒక మనిషిని మీకు పరిచయం చేయదలచుకున్నాం. ఆయన పేరు రాబర్ట్ స్విన్‌హో. చనిపోయి దాదాపు 150 ఏళ్ళయింది. పక్షుల గురించి చదివేవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. ఒక ఫెజెంట్, ఒక ఉల్లంకి పిట్ట, స్టార్మ్ పెట్రెల్ అనే ఒక సముద్రపక్షి ఈనాటికీ ఆయన పేరుతోనే పిలువబడుతున్నాయి. ఆయనను మహనీయుడు అనాలా, వద్దా అని మా గదిలో రెండు మూడు రాత్రులు వాదించుకున్నాం. తేలలేదు. చదివాక మీరే తేల్చండి.

స్విన్‌హో 1836 సెప్టెంబరు 1న మన దేశంలోనే, కలకత్తాలో పుట్టారు. ఇంగ్లీషు కుటుంబం, లాయర్ల ఇల్లు. చదువు కోసం లండన్ పంపించారు. 1853లో లండన్ యూనివర్సిటీలో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడాదే చైనాలోని బ్రిటిష్ కాన్సులేట్ ఉద్యోగం వచ్చింది, ఓడ ఎక్కేశారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్ళు కూడా సరిగా నిండలేదు. డిగ్రీ చదవనే లేదు. మా వంశంలో డిగ్రీ పట్టా చేతితో పట్టుకున్నది మేమే మొదలు. ఆ పట్టా జిరాక్సులు ఎన్ని గుమ్మాల దగ్గర ఇచ్చామో మాకే తెలుసు. ఆ కాలంలో తెల్లదొర బిడ్డకు ఆ అవసరం పడలేదు. ఈ తేడా ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే స్విన్‌హో సాధించినదంతా ఆయన కష్టమే అని రాస్తే అబద్ధమవుతుంది, ఆయన కష్టం లేదని రాసినా అబద్ధమే అవుతుంది.

కాన్సులు అంటే పరాయి దేశపు రేవు పట్టణంలో తన దేశ వర్తకుల బాగోగులు చూసే అధికారి. ఓడల లెక్కలు, సుంకాల తగాదాలు, నావికుల గొడవలు, పైవాళ్ళకు ఉత్తరాలు, ఇదీ పని. స్విన్‌హో మొదట హాంగ్‌కాంగ్‌లో దిగి, 1855లో అమాయ్ అనే రేవుకు వెళ్ళారు. ఇప్పుడు దాన్ని షియామెన్ అంటున్నారు. అక్కడ చైనా అధికార భాషతో పాటు ఆ ఊరి జనం మాట్లాడే భాష కూడా నేర్చుకున్నారు. ఈ రెండో భాషే తర్వాత ఆయనకు అన్నం పెట్టిందని మా అభిప్రాయం. అధికార భాషతో అధికారులతో మాట్లాడవచ్చు గానీ, జాలరిని ఆపి ఈ పిట్ట పేరేమిటి, ఏ నెలలో వస్తుంది అని అడగాలంటే జాలరి భాష రావాలి కదా. ఆఫీసు పని కాగానే తుపాకీ, నోటుపుస్తకం పట్టుకుని సముద్రపు ఒడ్డుకు, వరిచేలకు వెళ్ళిపోయేవారు. అయిదేళ్ళు అలా తిరిగి అమాయ్ పక్షుల మీద రాసిన వ్యాసం 1860లో ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 23. మన ఎం.ఎస్సీ. ఫైనలియర్ వాళ్ళ వయస్సే.

అమాయ్‌కి ఎదురుగా, సముద్రానికి అవతల ఒక పెద్ద దీవి ఉంది. యూరపు వాళ్ళు దాన్ని ఫార్మోసా అనేవారు. మనం తైవాన్ అంటున్నాం. స్విన్‌హో పేరు నిలిచింది ఈ దీవి వల్లనే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. విస్తీర్ణం సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడో వంతు కంటే కొంచెం తక్కువ. కర్కాటక రేఖ దీవి నడుము మీదుగా పోతుంది. దానికి ఉత్తరాన ఉపోష్ణ మండలం, దక్షిణాన ఉష్ణమండలం. పడమర తీరమంతా చదునైన నేల, వరిచేలు, బురద మేటలు. తూర్పున, నడిమధ్యన కొండలు. కొండలంటే మన నల్లమల లాంటివి కావు. 3,000 మీటర్లు దాటిన శిఖరాలే రెండు వందలకు పైగా ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తయిన యూషాన్ 3,952 మీటర్లు. ఒకే రోజు నడకలో అరటితోటల నుంచి దేవదారు జాతి చెట్ల దాకా వెళ్ళగలిగే చోట్లు తక్కువే ఉంటాయి.

ఇక పక్షుల సంగతి. సైబీరియాలో, మంచూరియాలో, కొరియాలో, జపానులో వేసవి గడిపి పిల్లల్ని పెంచుకున్న పక్షులకు అక్కడ చలి ముదిరేసరికి తిండి దొరకదు. నేల గడ్డకడితే పురుగు ఎక్కడిది, బురదలో నత్త ఎక్కడిది? పగటి వేళ కురచబడటంతోనే వాటి శరీరంలో మార్పులు మొదలై, ఒంట్లో కొవ్వు నింపుకుని దక్షిణానికి బయలుదేరతాయి. ఫిలిప్పీన్స్ వైపు, ఇండోనేషియా వైపు, కొన్ని ఆస్ట్రేలియా దాకా పోతాయి. ఆ దారిలో సముద్రం మధ్య నిలబడ్డ తైవాన్ వాటికి మజిలీ. కొన్ని నాలుగు రోజులు ఆగి పోతాయి, కొన్ని చలికాలమంతా అక్కడే ఉంటాయి. అక్టోబరులో దీవి దక్షిణపు కొన మీదుగా వేలకొద్దీ డేగలు ఆకాశంలో సుడులు తిరుగుతూ సముద్రం దాటుతాయి. బ్రౌన్ శ్రైక్ అనే చిన్న గోధుమరంగు వేటపిట్ట కూడా ఆ రోజుల్లోనే దిగుతుంది. అదే జాతి పిట్ట ఆ నెలల్లోనే మన ఆంధ్ర, తెలంగాణ పొలాల్లోకీ వస్తుంది. ముళ్ళకంప కొమ్మ మీద ఒంటరిగా కూర్చుని, కళ్ళకు అడ్డంగా నల్లటి పట్టీ కట్టుకున్నట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళు మనలో ఉండే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు.

స్విన్‌హో మొదటిసారి 1856 మార్చిలో రెండు వారాల పాటు ఈ దీవికి వెళ్ళివచ్చారు. రెండోసారి 1858లో, ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే యుద్ధనౌక మీద దుబాసీగా. ఓడ మునిగి దీవిలో చిక్కుకుపోయిన తెల్లవాళ్ళు ఎవరైనా బందీలుగా ఉన్నారేమో వెదకడానికి ఆ నౌక దీవి చుట్టూ తిరిగింది. మనుషులు దొరకలేదు. స్విన్‌హోకు మాత్రం దీవి ఆకారం, రేవులు, కొండజాతుల వాళ్ళు ఉండే చోట్లు కళ్ళారా తెలిశాయి.

1860లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చైనా మీద చేసిన యుద్ధంలో కూడా ఆయన సైన్యం వెంట దుబాసీగా నడిచారు. నల్లమందు వ్యాపారానికి తలుపులు తెరిపించడం కోసం మొదలైన తగవుల్లో అది రెండోది. బీజింగ్ దగ్గర చక్రవర్తి వేసవి భవనాన్ని దోచుకుని, తగలబెట్టిన యుద్ధం అది. ఆ దండయాత్ర మీద ఆయన ఒక పుస్తకమే రాశారు, 1861లో అచ్చయింది. అదే ఏడాది, ఉత్తర చైనాలో తనకు దొరికిన ఒక ఉల్లంకి పిట్ట కొత్త జాతి అని ప్రకటించారు. సైన్యం వెంట నడుస్తూ కూడా పిట్ట తోక ఈకలు లెక్కపెట్టగలిగిన మనిషి. ఎందుకు లెక్కపెట్టాలంటే, ఉల్లంకి పిట్టలన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. మామూలు ఉల్లంకికి తోకలో 14 ఈకలుంటే ఈ జాతికి సాధారణంగా 20 వరకు ఉంటాయి. చలికాలంలో ఇది మన దేశానికీ వస్తుంది. నేటికీ దూరం నుంచి చూసి దీన్ని ఖాయంగా గుర్తుపట్టడం పెద్ద పెద్దవాళ్ళకే కష్టం. ఒకే మనిషిలో అంత ఓపిక గల చూపు, పక్కనే జరుగుతున్న దోపిడీ వెంట నడిచిన ఉద్యోగం రెండూ ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాచడం మాకు ఇష్టం లేదు.

ఆ యుద్ధపు ఒప్పందాలతో తైవాన్ రేవులు విదేశీయులకు తెరుచుకున్నాయి. దీవికి మొట్టమొదటి బ్రిటిష్ వైస్ కాన్సులుగా స్విన్‌హోను వేశారు. 1861 జూలైలో దక్షిణాన ఉన్న తకౌ రేవులో దిగారు. ఇప్పటి కావ్‌షుంగ్ అదే. అక్కడి నుంచి తైనాన్ వెళ్ళి, ఆ ఏడాది చివర ఉత్తరాన ఉన్న తంసుయికి మారారు. 1862 వేసవి వచ్చేసరికి ఆరోగ్యం పాడై సెలవు మీద ఇంగ్లండు వెళ్ళిపోయారు. అంటే మొదటి విడత దీవిలో ఉన్నది ఏడాది కూడా లేదు. ఆ కొద్ది నెలల్లో చేసిన పని చూస్తే, సెమిస్టరు చాలలేదని ప్రాజెక్టు రిపోర్టుకు గడువు అడిగే మాకు సిగ్గేసింది.

ఆయన నడకలు ఎలా ఉండేవో ఆయన వ్యాసాల వల్ల తెలుస్తుంది. ఈ రోజుల్లో పక్షులు చూడటానికి వెళ్ళేవాళ్ళ దగ్గర బైనాక్యులర్ ఉంటుంది, కెమెరా ఉంటుంది. ఆ రోజుల్లో తుపాకీయే బైనాక్యులర్. చంపి చేతిలో పెట్టుకుని చూస్తే తప్ప కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకునేవారు కాదు. పిట్టను కాల్చి, పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి తోలు ఊడదీసి, లోపలివైపు పురుగు పట్టకుండా విషపు మందు పూసి, దూది కూరి, కాలికి చీటీ కట్టాలి. చీటీ మీద తేదీ, ఊరు, ఆడా మగా. ఆ చీటీ లేకపోతే ఆ తోలుకు విలువ లేదు. మేము డిసెక్షన్ చేసిన రోజుల్లో కప్పలకు నంబరు వేయమని మా మేడం ఎందుకంత పట్టుబట్టేవారో ఇది చదివాక బాగా అర్థమైంది.

చంపడం ఒక్కటే అయితే ఆయన కూడా అందరిలాంటి వేటగాడే అయ్యేవారు. స్విన్‌హో రాసినవాటిలో పక్షి కూత ఎలా ఉంది, గూడు ఎక్కడ కట్టింది, గుడ్డు రంగేమిటి, అక్కడి జనం దాన్ని ఏమంటారు, చలికి వచ్చిందా, ఎండకు వచ్చిందా, దారిన పోతూ దిగిందా అనే వివరాలుంటాయి. ఏ పక్షి దీవి సొంతం, ఏది అతిథి అని విడదీయడానికి ఆయన తేదీలు రాసుకోవడమే ఆధారం. ఎదుటి ఒడ్డున అమాయ్‌లో అయిదేళ్ళు చూసి ఉన్నారు కాబట్టి, ఆ తీరంలో మామూలుగా ఉన్న పిట్ట ఇక్కడ ఎందుకు లేదు, ఇక్కడున్న పిట్ట అక్కడెందుకు లేదు అని పోల్చగలిగారు. 1860లలోనే తంసుయి దగ్గర తెడ్డులాంటి ముక్కుతో నీళ్ళను అటూ ఇటూ జల్లెడ పట్టే నల్లమూతి తెడ్డుకొంగను ఆయన నమోదు చేశారు. ఆ కొంగ మాట మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక్కడి దాకా చదివితే స్విన్‌హో ఒక్కడే దీవి అంతా తిరిగి అన్నీ కనిపెట్టినట్టు అనిపిస్తుంది. నిజం అది కాదు. ఆయన నడిచింది ఎక్కువగా పల్లపు నేల మీద, తీరం వెంట, కొండల మొదట్లో. ఆ రోజుల్లో పడమర మైదానం చైనా నుంచి వచ్చి స్థిరపడిన రైతులది, చైనా చక్రవర్తి పాలనలో ఉన్నది. కొండలు మాత్రం అక్కడి ఆదిమజాతుల చేతుల్లోనే ఉండేవి. కర్పూరం చెట్ల కోసం మైదానం వాళ్ళు అడవి నరుక్కుంటూ పైకి వెళ్ళేకొద్దీ ఇరువైపులా తలలు తెగేవి. అలాంటి కొండల్లోకి కాన్సులు గారు తుపాకీ పట్టుకుని షికారుగా వెళ్ళే వీలు లేదు. మరి కొండ పక్షులు ఆయన బల్ల మీదికి ఎలా వచ్చాయి? వేటగాళ్ళు తెచ్చారు. డబ్బులిచ్చి ఆయన తెప్పించుకున్నారు. తోలు తీయడం నేర్పించి పెట్టుకున్న చైనీస్ పనివాళ్ళు వాటిని శుభ్రం చేశారు.

ఆయన పేరు మోస్తున్న ఫెజెంట్ కథ ఇదే. అది మన అడవికోడి కంటే పెద్దది. పుంజు ఒళ్ళంతా నిగనిగలాడే ముదురు నీలం, తల మీద తెల్లటి తురాయి, వీపు మీద తెల్లటి మచ్చ, తోకలో నడిమి ఈకలు పొడుగ్గా తెల్లగా ఉంటాయి. ముఖం, కాళ్ళు ఎరుపు. పెట్ట గోధుమరంగు మచ్చలతో, ఆకుల్లో కూర్చుంటే కనపడదు. కొండ అడవుల్లో తెల్లవారుజామున, సంజవేళ మాత్రమే బయటికి వచ్చే బిడియపు పక్షి. దాన్ని పట్టాలంటే అది ఏ దారిన నడుస్తుందో, ఏ వాగు దగ్గర నీళ్ళు తాగుతుందో ఏళ్ళ తరబడి తెలిసి ఉండాలి. ఆ తెలివి కొండ వేటగాళ్ళది. వాళ్ళు తెచ్చిన పక్షి స్విన్‌హో చేతికి వచ్చింది, ఆయన లండన్ తీసుకెళ్ళారు, అక్కడ జాన్ గౌల్డ్ అనే ప్రఖ్యాత శాస్త్రవేత్త దానికి స్విన్‌హో పేరు పెట్టారు. లండన్‌లో ఉన్నవాడు తంసుయిలో ఉన్నవాడి పేరు పెట్టాడు. కొండ మీద ఉన్నవాడి పేరు ఎవరూ అడగలేదు.

ఈ మాట దగ్గర మేము కొంచెం ఆగుతాం. మన హాస్టళ్ళలో యానాది, చెంచు, ఎరుకల ఇళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మాల మాదిగ పల్లెల్లో చెరువు గట్టున పెరిగినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఏ కార్తెలో ఏ పిట్ట చెరువులో దిగుతుందో, ఏది గుడ్లు నేల మీద పెడుతుందో, ఏది చెట్టు తొర్రలో పెడుతుందో మన తాతలకు తెలుసు. ఉచ్చు పన్ని బతికిన ఇల్లు అని చెప్పుకోవడానికి మనకు నామోషీ. పరీక్షలో లాటిన్ పేరు రాస్తే మార్కులు, తాత చెప్పిన పేరు రాస్తే సున్నా. లాటిన్ పేరు అక్కర్లేదని మేము అనడం లేదు, అది లేకపోతే కడపవాడు, కొరియావాడు ఒకే పిట్ట గురించి మాట్లాడుకోలేరు. అయితే తాతకు తెలిసినది కూడా తెలివే అని పుస్తకంలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మన దగ్గరే రుజువు ఉంది. కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. వెదికినవాళ్ళు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు, పక్షిని పట్టి చూపించినది ఆ ఊరి వేటగాడు. విచిత్రం ఏమిటంటే ఆ సొసైటీని 1883లో స్థాపించిన ఎనిమిది మందిలో ఒకరు చార్లెస్ స్విన్‌హో. మన రాబర్ట్ గారికి స్వయానా తమ్ముడు. సైన్యంలో అధికారి, సీతాకోకచిలుకలు, చిమ్మటల్లో నిపుణుడు.

మళ్ళీ కథలోకి వద్దాం. 1862లో లండన్ చేరిన స్విన్‌హో పెట్టెల్లో ఏముందో చూసి అక్కడివాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆయన తెచ్చినవాటిలో 16 కొత్త జాతుల పక్షులను గౌల్డ్ ఒకే వ్యాసంలో వర్ణించారు. ఎర్రముక్కు, పొడుగు తోక ఉండే తైవాన్ నీలి మాగ్‌పై అందులోదే. 1863లో స్విన్‌హో ఫార్మోసా పక్షుల మీద ఐబిస్ పత్రికలో రాసిన వ్యాసాల్లో సుమారు 200 జాతులున్నాయి. చైనా పక్షుల పట్టిక కూడా ఆ ఏడాదే వేశారు. పక్షులే కాదు, దీవి కోతిని, మేఘాల్లాంటి మచ్చలుండే అక్కడి చిరుతను కూడా శాస్త్రలోకానికి ఆయనే పరిచయం చేశారు.

ఆ వ్యాసాల్లో ఒక గొప్ప సంగతి ఉంది. తైవాన్ కొండల మీది పక్షులకు దగ్గరి చుట్టాలు ఎదురుగా ఉన్న చైనా తీరంలో లేవు, వేల కిలోమీటర్ల దూరంలో హిమాలయాల్లో ఉన్నాయని ఆయన గమనించారు. ఇదెలా సాధ్యం? తైవాన్‌కు, చైనాకు మధ్య సముద్రం చాలా చోట్ల వంద మీటర్ల లోతు కూడా లేదు. మంచుయుగంలో సముద్రమట్టం దిగిపోయినప్పుడు అది నడిచిపోయే నేల. అప్పుడు చల్లని అడవులు పల్లం దాకా వ్యాపించాయి, వాటితో పాటు పక్షులూ వచ్చాయి. వేడి పెరిగాక నీళ్ళు వచ్చి దారి మూసుకుంది. పక్షులు చల్లదనం కోసం కొండెక్కాయి, అక్కడే చిక్కుకుపోయి వేరు జాతులుగా మారాయి. ఈ పూర్తి వివరణ తర్వాతి కాలానిది. కానీ ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1880లో దీవుల జీవజాలం మీద రాసిన పుస్తకంలో ఫార్మోసా గురించి చెప్పడానికి స్విన్‌హో పట్టికలే ఆధారం. డార్విన్‌కు కూడా ఆయన ఉత్తరాలు రాసి వివరాలు పంపారు, డార్విన్ పుస్తకాల్లో ఆయన పేరు కనిపిస్తుంది.

1864లో దీవికి తిరిగివచ్చారు. 1865లో పూర్తిస్థాయి కాన్సులు అయ్యారు. 1866లో అమాయ్‌కు బదిలీ, ఆ తర్వాత తైవాన్‌లో ఉద్యోగం చేయలేదు. 1868లో హైనాన్ అనే మరో దీవి చూశారు, 1869లో యాంగ్జీ నది మీద పైదాకా వెళ్ళారు. 1871లో సవరించిన చైనా పక్షుల పట్టిక అచ్చయింది, 675 జాతులు. ఉద్యోగం పక్కన పెట్టుకుని చేసిన పని ఇది, జీతం ఇందుకు కాదు.

1870లో ఆయన వర్ణించిన ఒక పిట్ట సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. సముద్రపు ఇసుకలో గబగబా పరుగెత్తి ఆగే కెంటిష్ ప్లోవర్ అనే చిన్న పిట్ట ఉంది. మన పులికాట్ సరస్సులోనూ ఉంటుంది. దక్షిణ చైనా తీరంలో దానిలాగే ఉండే, కానీ ముఖం మరింత తెల్లగా, పై రంగు లేతగా ఉండే పిట్టను చూసి ఇది వేరు అని స్విన్‌హో రాశారు. తర్వాతివాళ్ళు అంత తేడా లేదని తీసేసి మామూలు ప్లోవర్‌లో కలిపేశారు. అలా వందేళ్ళకు పైగా గడిచింది. 2006 ప్రాంతంలో మలేసియా, సింగపూర్ తీరాల్లో పక్షులు చూసేవాళ్ళకు చలికాలపు గుంపుల్లో ఒక తెల్లముఖం పిట్ట కనిపించి, ఇదేమిటి అని తికమకపడ్డారు. మ్యూజియం తోళ్ళు తీసి చూస్తే స్విన్‌హో చెప్పిన పిట్టే. 2008లో దాని మీద వ్యాసం వచ్చింది. 2019లో జన్యు పరీక్షలు కూడా అది వేరే జాతి అని తేల్చాయి. 150 ఏళ్ళ తర్వాత ఆయన నోటుపుస్తకం గెలిచింది.

ఆయన శరీరం మాత్రం ముందే ఓడిపోయింది. ముప్ఫైల్లోనే పక్షవాతం వచ్చింది. నడకే ప్రాణమైన మనిషికి కాళ్ళు సరిగా ఆడలేదు. నింగ్‌పో రేవులో, తర్వాత 1873లో ఉత్తరాన చీఫూ రేవులో పని చేశారు. చీఫూలో ఉండగానే చిన్న నీటికోడిలాంటి మరో కొత్త పక్షిని వర్ణించారు. ఆ తర్వాత చైనా విడిచి ఇంగ్లండు చేరుకున్నారు. 1876లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకున్నారు. డిగ్రీ లేని మనిషికి అది ఎంత గౌరవమో మీకు చెప్పనక్కర్లేదు.

ఆయన తిరిగిన దీవి చాలా మారింది. ఆ మచ్చల చిరుత తైవాన్‌లో ఇక లేదని 2013లో తేల్చేశారు. ఒకప్పుడు దక్షిణపు కొనలో వలస వచ్చే శ్రైక్ పిట్టలను వెదురు ఉచ్చులతో పట్టి కాల్చి అమ్మేవారు. 1989లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఇప్పుడు ఆ చోట్లకే జనం డేగల గుంపులు లెక్కపెట్టడానికి పోతున్నారు. గుర్తుపెట్టుకోమన్న నల్లమూతి తెడ్డుకొంగలు 1990 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 300 మిగిలాయి. తైనాన్ దగ్గర బురద మేటల్లో అవి చలికాలం గడుపుతాయి. 2002-03 చలికాలంలో తిండిలో విషం పుట్టి అక్కడ 73 కొంగలు చచ్చిపోయాయి. అయినా ఊరివాళ్ళు, విద్యార్థులు కాపలా కాసి, ఏటా లెక్కపెడుతూ వచ్చారు. 2024 లెక్కలో అవి 6,988. అందులో సగం కంటే ఎక్కువ తైవాన్‌లోనే దిగాయి. పేర్ల గొడవ కూడా సాగుతోంది. మనుషుల పేర్లున్న అమెరికా ఖండాల పక్షులకు కొత్త ఇంగ్లీషు పేర్లు పెడతామని 2023లో అమెరికా పక్షిశాస్త్ర సంఘం ప్రకటించింది. స్విన్‌హో ఫెజెంట్ జోలికి ఇంకా ఎవరూ పోలేదు. చైనీస్ భాషలో మాత్రం దాని పేరులో ఆయన ఊసు లేదు, నీలి పొట్ట పక్షి అనే అర్థం వస్తుంది.

స్విన్‌హో చివరి వ్యాసాల్లో ఒకటి 1877లో ఐబిస్ పత్రికలో వచ్చింది. స్టీర్ అనే అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త కొన్నేళ్ళ ముందు తైవాన్ కొండల నుంచి తెచ్చిన ఒక కొత్త పిట్ట గురించి అది. ఆ పిట్టకు స్విన్‌హో తన పేరు కాక తెచ్చినవాడి పేరే పెట్టారు. ఆ ఏడాది అక్టోబరు 28న లండన్‌లో కన్నుమూశారు. వయస్సు 41. ఆయన పోగుచేసిన సుమారు 3,700 పక్షి తోళ్ళు చేతులు మారి చివరికి లివర్‌పూల్ మ్యూజియం చేరాయి. స్టీర్ పిట్ట ఇప్పటికీ తైవాన్ కొండల్లో దారి పక్క పొదల్లోనే తిరుగుతూ ఉంటుంది, నడకకు వెళ్ళినవాళ్ళకు సులభంగా కనిపిస్తుంది. స్విన్‌హో దాన్ని ప్రాణంతో చూడలేదు.